వాడని కరెంటు ఎక్కడికి పోతుంది?

"రాత్రి రెండింటికి ఊరంతా పడుకుంటుంది కదా సార్, అప్పుడు మిగిలిపోయిన కరెంటు ఎక్కడికి పోతుంది?" అని పదో తరగతి చదివే ఒక అమ్మాయి అడిగింది. ఎంత మంచి ప్రశ్నో! పెద్దవాళ్లను అడిగితే సబ్‌స్టేషన్‌లో దాచిపెడతారని కొందరు, వృథాగా భూమిలోకి పోతుందని కొందరు చెబుతారు. రెండూ నిజం కాదు. అసలు మిగలడమనేదే ఉండదు. మీ ఇంట్లో ఇప్పుడు తిరుగుతున్న ఫ్యానుకు కావలసిన శక్తి ఇప్పుడే ఎక్కడో తయారవుతోంది. తీగల్లో ముందే నింపి ఉంచిన కరెంటు అంటూ ఏదీ లేదు.

మరి దేశంలో ఎవరు ఎప్పుడు స్విచ్ వేస్తారో ఎవరికీ తెలియదు. గీజర్ వేసేముందు ఎవరూ కరెంటాఫీసుకు ఫోన్ చేసి చెప్పరు. 2024 మే 30న దేశంలో వాడకం 2,50,000 మెగావాట్లకు చేరింది. అంత వాడకానికీ ఉత్పత్తి ప్రతి క్షణమూ సరితూగాలి. ఎవరూ చెప్పకుండా ఎలా సరితూగుతుంది?

వోల్టు, ఆంపియర్, ఓమ్ సూత్రం జోలికి నేను వెళ్లను. అవి మీ పిల్లల పుస్తకంలో బాగానే ఉన్నాయి. ఒక్క తేడా మాత్రం గుర్తుంచుకుంటే చాలు. బిల్లులో కనిపించే యూనిట్ అంటే మొత్తం ఖర్చయిన శక్తి. కిలోవాట్, మెగావాట్ అంటే ఆ శక్తి ఎంత జోరుగా ఖర్చవుతోందో చెప్పే కొలత. ఒక కిలోవాట్ జోరుతో గంటసేపు వాడితే ఒక యూనిట్.

ఇక ఆ పుస్తకంలోనే మరో అంకె ఉంటుంది. మన ఏసీ కరెంటు ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్, అంటే అది సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. పిల్లలు దాన్ని బట్టీపట్టి, ప్రతి లెక్కలోనూ 50 వేసుకుని మార్కులు తెచ్చుకుంటారు. ఆ అంకె కదులుతుందని మాత్రం వాళ్లకు ఎవరూ చెప్పరు. బతికున్న అంకెను చనిపోయినదానిలా నేర్పిస్తున్నందుకు నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఆ అంకె 49.97, 50.02, 49.94 అంటూ సెకను సెకనుకూ కదులుతూనే ఉంటుంది. ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు కూడా ఆ కదలికలోనే ఉంది.

కదిరి బ్రహ్మరథోత్సవం చూసినవాళ్లకు ఇది చెప్పడం తేలిక. మోకులు పట్టుకుని వందలమంది లాగుతుంటారు. అందులో బలవంతుడూ ఉంటాడు, బక్కపలచనివాడూ ఉంటాడు. ఎవరి బలం ఎంతైనా రథానికి ఒకటే వేగం, లాగేవాళ్లందరూ ఆ వేగంతోనే నడవాలి. ఈ రథం వేగమే ఫ్రీక్వెన్సీ. లాగేవాళ్లు విద్యుత్ కేంద్రాలు. రథం మీద ఎక్కినవాళ్ల బరువు మన వాడకం, అంటే లోడు.

రామగుండంలో 500 మెగావాట్ల టర్బైను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంది. సెకనుకు 50 చుట్లు, అందుకే 50 హెర్ట్జ్. విశాఖ దగ్గర సింహాద్రిలోదీ అదే వేగం, ఎక్కడో ఉత్తరప్రదేశ్‌లో సింగ్రౌలీలోదీ అదే వేగం. జలవిద్యుత్ యంత్రాలు నెమ్మదిగా తిరుగుతాయి కానీ వాటికి అయస్కాంత ధ్రువాలు ఎక్కువ. 40 ధ్రువాలున్న యంత్రం నిమిషానికి 150 చుట్లు తిరిగినా వచ్చేది 50 హెర్ట్జే. కశ్మీర్ నుంచి కన్యాకుమారి దాకా గ్రిడ్‌కు, అంటే దేశమంతటినీ కలిపే కరెంటు లైన్ల వలకు, తగిలించిన ఈ యంత్రాలన్నీ ఒకే మోకు పట్టుకుని అడుగులో అడుగు వేస్తున్నాయి. రెండున్నర లక్షల మెగావాట్ల వ్యవస్థ అంతా కలిసి ఒకే యంత్రంగా తిరుగుతోందంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇప్పుడు మీరు గీజర్ స్విచ్ వేశారు. రథం మీదికి ఒక మనిషి ఎక్కాడు. లాగేవాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, వాళ్లు ఇంకా పాత బలంతోనే లాగుతున్నారు. అయినా రథం ఆగలేదు. దాని సొంత బరువు, అప్పటికే దానికున్న ఊపు దాన్ని నడిపించాయి. కాకపోతే వేగం వెంట్రుకవాసి తగ్గింది. గ్రిడ్‌లో ఈ ఊపునే జడత్వం అంటారు. మీ గీజర్‌కు మొదటి క్షణంలో అందిన శక్తి బొగ్గు నుంచి వచ్చింది కాదు. దేశంలోని వందలాది టర్బైన్లు తమ వేగంలోంచి ఒక్కో పిసరు తగ్గించుకుని ఇచ్చింది.

ఆ ఊపు ఎంత? పెద్ద థర్మల్ యంత్రం తన పూర్తి ఉత్పత్తిని కొన్ని సెకన్లపాటు ఇవ్వగలిగినంత శక్తిని తన తిరుగుడులోనే దాచుకుని ఉంటుంది. నాలుగు సెకన్లు అనుకుందాం. 500 మెగావాట్ల యంత్రానికి అది 2,000 మెగాజౌళ్లు, అంటే దాదాపు 555 యూనిట్లు. ఇక లెక్క చూడండి. 2,00,000 మెగావాట్ల యంత్రాలు తిరుగుతుండగా 1,000 మెగావాట్ల కేంద్రం ఒకటి ఉన్నట్టుండి ట్రిప్ అయి గ్రిడ్ నుంచి విడిపోతే, మొదటి క్షణాల్లో ఫ్రీక్వెన్సీ సెకనుకు 0.03 హెర్ట్జ్ చొప్పున పడుతుంది. అదే దెబ్బ 30,000 మెగావాట్ల చిన్న గ్రిడ్‌కు తగిలితే సెకనుకు 0.2 హెర్ట్జ్. బరువైన రథాన్ని ఒకరిద్దరు వదిలేసినా పెద్దగా తెలియదు, చిన్న బండి వెంటనే తూలుతుంది.

కానీ ఊపు మీదే ఎంతసేపు నడుస్తుంది? వేగం తగ్గిందని లాగేవాళ్లకు మోకు బరువులోనే తెలుస్తుంది, ఒకరు చెప్పనక్కరలేదు. ప్రతివాడూ ఇంకాస్త బలం పెడతాడు. టర్బైనుకు ఈ తెలివి ఇచ్చే పరికరం పేరు గవర్నర్. వేగం తగ్గితే ఆవిరి కవాటాన్ని ఇంకొంచెం తెరుస్తుంది, పెరిగితే మూస్తుంది. అందరూ న్యాయంగా పంచుకునేలా దీనికి ఒక నియమం ఉంది, దాన్ని డ్రూప్ అంటారు. డ్రూప్ 5 శాతం అంటే, వేగం 5 శాతం తగ్గినప్పుడు యంత్రం ఉత్పత్తిని సున్నా నుంచి పూర్తి సామర్థ్యానికి పెంచాలి. ఆ లెక్కన ఫ్రీక్వెన్సీ 0.1 హెర్ట్జ్ తగ్గితే 500 మెగావాట్ల యంత్రం 20 మెగావాట్లు అదనంగా ఇస్తుంది, 100 మెగావాట్ల యంత్రం 4 ఇస్తుంది. ఎవరి బలానికి తగ్గట్టు వాళ్లు లాగుతారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. అందరూ చూసేది ఒక్క వేగాన్నే. విద్యుత్ శాస్త్రం మొత్తంలో నాకు దీన్ని మించి అందంగా అనిపించింది మరొకటి లేదు.

రాత్రి రెండింటి సంగతి దీనికి తిరగేసి చూసుకోవడమే. జనం రథం దిగుతారు, రథం కాస్త ముందుకు ఉరుకుతుంది, గవర్నర్లు కవాటాలు మూస్తాయి, ఆవిరి తగ్గుతుంది, ఆ తర్వాత బాయిలర్‌లో వేసే బొగ్గు తగ్గుతుంది. మిగిలింది ఏమైనా ఉంటే అది మండని బొగ్గు, గేటు దాటని నీరు.

నీరంటే గుర్తొచ్చింది. కరెంటు తీసేశాక ఆ నీళ్లలో సారం ఉండదని, పైరుకు పనికిరావని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. శ్రీశైలంలో టర్బైను తీసుకునేది నీటి ఎత్తును, దాని పరుగును మాత్రమే. నీటిలో కరిగి ఉన్న లవణాలు, ఒండ్రు, ఆక్సిజన్ దేన్నీ అది వడకట్టి దాచుకోదు. పొలానికి కాలవలో నెమ్మదిగా వచ్చే నీటికి ఆ ఎత్తూ పరుగూ ఎలాగూ ఉండవు.

లో వోల్టేజీ వేరు, లో ఫ్రీక్వెన్సీ వేరు. ఇది చాలామంది కలిపేస్తారు. వోల్టేజీ మీ వీధి సమస్య. ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా, సన్నటి తీగ చివర ఉన్న ఇంట్లో 170 వోల్టులు ఉంటే, ట్రాన్స్‌ఫార్మర్ పక్కింట్లో 230 ఉండొచ్చు. స్టెబిలైజర్ దాన్ని సరిచేస్తుంది. ఫ్రీక్వెన్సీ మాత్రం ఆ రెండిళ్లకూ ఒకటే, ఢిల్లీలో రాష్ట్రపతి భవన్‌కూ అదే. దాన్ని ఏ స్టెబిలైజరూ సరిచేయలేదు. 1990ల్లో దక్షిణాది గ్రిడ్ తరచూ 49 కంటే కిందే నడిచేది. 48.5 దగ్గర బోరు మోటారు వేగం 3 శాతం తగ్గుతుంది. పంపు ఎత్తగలిగే ఎత్తు వేగానికి వర్గంగా మారుతుంది కనుక అది 6 శాతం తగ్గుతుంది. లోతు బోర్లలో నీళ్లు 3 శాతం కంటే ఇంకా ఎక్కువే తగ్గుతాయి. మోటారు తీసుకునే కరెంటు కూడా దాదాపు 9 శాతం పడిపోతుంది. అంటే ఆ రోజుల్లో రైతు నీళ్లు తగ్గించుకుని, తనకు తెలియకుండానే గ్రిడ్‌ను మోశాడు.

ఆ పరిస్థితిని మార్చడానికి ఎంచుకున్న మార్గం చాలా చిత్రమైనది. 2003 జనవరి 1 నుంచి దక్షిణాదిలో ఫ్రీక్వెన్సీకి ధర కట్టారు. ఒప్పుకున్న వాటా కంటే ఎక్కువ లాగేసుకున్న రాష్ట్రం, ఆ క్షణాన ఫ్రీక్వెన్సీ ఎంత తక్కువుంటే యూనిట్‌కు అంత ఎక్కువ కట్టాలి. 50.5 దగ్గర ధర సున్నా, 49 దగ్గర గరిష్ఠం. రథం నీరసించినప్పుడు ఎక్కినవాడు ఎక్కువ చెల్లించాలన్నమాట. ఫ్రీక్వెన్సీ చూస్తుండగానే పుంజుకుంది. ఇప్పుడు గ్రిడ్ కోడ్ అనుమతించేది 49.90 నుంచి 50.05 వరకే.

లాగేవాళ్లు చాలకపోతే ఆఖరి ఉపాయం, కొందరిని రథం మీద నుంచి దించడం. 49.4 దగ్గర సబ్‌స్టేషన్లలోని రిలేలనే కాపలా పరికరాలు కొన్ని ఫీడర్లను, అంటే ఊళ్లకు కరెంటు తీసుకెళ్లే లైన్లను, వాటంతటవే కట్ చేస్తాయి. ఇంకా పడితే 49.2, 49.0, 48.8 దగ్గర మరికొన్ని. మనిషి ఆలోచించేంత వ్యవధి అక్కడ ఉండదు. అంతకంటే కిందికి పోనిస్తే టర్బైను చివరి వరుసలోని పొడవాటి రెక్కలు కంపించి విరిగిపోవచ్చు. అందుకని యంత్రాలు తమను తాము కాపాడుకోవడానికి ఒక్కొక్కటే మోకు వదిలేస్తాయి. ఒకటి వదిలితే మిగతావాటి మీద బరువు పెరుగుతుంది. గ్రిడ్ కూలడమంటే అదే.

మోకుకు ఇంకో గుణం ఉంది. బలంగా లాగేకొద్దీ అది సాగుతుంది. గ్రిడ్‌లో ఆ సాగుడు అంటే ఒక చోటి ఏసీ తరంగానికీ మరో చోటి తరంగానికీ మధ్య కోణం. లైను మీద భారం పెరిగేకొద్దీ కోణం పెరుగుతుంది, ఒక హద్దు దాటితే రెండు ప్రాంతాలూ అడుగు తప్పుతాయి. 2012 జూలై 30 తెల్లవారుజామున బీనా-గ్వాలియర్ 400 కిలోవోల్టుల లైను ట్రిప్ అయ్యాక జరిగింది ఇదే. పశ్చిమం నుంచి ఉత్తరానికి బరువు మోస్తున్న మోకు తెగింది. ఉత్తరాది చీకటైంది. మర్నాడు మధ్యాహ్నం ఉత్తరం, తూర్పు, ఈశాన్యం మూడూ పోయాయి. అక్కడ నివసించేవాళ్లు 60 కోట్లకు పైనే.

మన దగ్గర ఆ రెండు రోజులూ గ్రిడ్ నిలబడింది. కారణం, అప్పటికి దక్షిణాదిది వేరే రథం. గాజువాక, భద్రావతి కేంద్రాల ద్వారా, తాల్చేర్-కోలార్ లైను ద్వారా డీసీ రూపంలో, అంటే అటూ ఇటూ ఊగకుండా ఒకే దిశలో పారేలా మార్చి, కరెంటు పంపేవారు. అంటే రెండు రథాలకు మోకు కట్టకుండా, లాగే మనుషుల్ని మాత్రం ఒకచోటి నుంచి మరోచోటికి పంపడం. వాటి వేగాలకు సంబంధం లేదు, ఒకటి కూలినా రెండోది కూలదు. కానీ అంతకుమించి మనుషుల్ని పంపే దారీ లేదు. అందుకే ఆ ఏడాది మన పరిశ్రమలకు పవర్ హాలిడేలు, ఊళ్లకు కోతలు. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో దక్షిణాది దేశపు గ్రిడ్‌తో ఏకమైంది. కలిపే క్షణంలో రెండు వైపులా వేగమూ, తరంగం ఎత్తూ, కోణమూ సరిపోవాలి. లేకపోతే ఆ కుదుపు యంత్రాలను దెబ్బతీస్తుంది.

ఆ ఏకమైన గ్రిడ్‌కు పెద్ద పరీక్ష 2020 ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు వచ్చింది. కరోనా లాక్‌డౌన్‌లో ప్రధాని పిలుపు మేరకు దేశమంతా తొమ్మిది నిమిషాలు ఇళ్లలో లైట్లు ఆర్పేసి దీపాలు వెలిగించింది. దీపాల వేడికి వైరస్ చస్తుందని ఒక వాట్సాప్ మెసేజీ, గ్రిడ్ కాలిపోతుందని ఇంకో మెసేజీ. రెండూ తప్పే. కొద్ది నిమిషాల్లో దాదాపు 31,000 మెగావాట్ల లోడు దిగిపోయింది, ఇంజినీర్లు ఊహించినదానికి రెట్టింపు పైనే. థర్మల్ కేంద్రాలు అంత వేగంగా తగ్గలేవు. అందుకని ముందుగానే వాటిని తగ్గించి, జలవిద్యుత్తును పెంచి ఉంచారు. 9 గంటలు దగ్గరపడగానే నీటి గేట్లు మూస్తూ వచ్చి, జలవిద్యుత్తులోనే 17,500 మెగావాట్లు తగ్గించారు. ఆ కొద్దిసేపట్లో ఫ్రీక్వెన్సీ 49.70, 50.26 మధ్య ఊగింది, అంతే. గ్రిడ్ కూలలేదు. ఆ రాత్రి గ్రిడ్‌ను కనిపెట్టుకుని నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్లలో కూర్చున్నవాళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను.

ఇప్పుడు కొత్త రకం లాగేవాళ్లు వచ్చారు. సోలార్ పలకలో తిరిగేదేమీ లేదు. అది తెచ్చే బలం ఎండను బట్టి ఉంటుంది, రథం వేగాన్ని బట్టి కాదు. కర్నూలు సోలార్ పార్కులోని 1,000 మెగావాట్లు మధ్యాహ్నం గ్రిడ్‌లోకి వస్తుంటే, ఆ మేరకు థర్మల్ యంత్రాలు తగ్గుతాయి. కొన్ని ఆగిపోతే, వాటితో పాటు రథం సొంత బరువూ, దాని ఊపూ తగ్గుతాయి. వేగం పడిపోగానే అదనపు బలం ఇచ్చేలా, పలకల డీసీ కరెంటును ఏసీగా మార్చే ఇన్వర్టర్లను తయారు చేయవచ్చు, బ్యాటరీ తోడుంటే అది గవర్నర్ కంటే చురుగ్గా స్పందిస్తుంది. నాగార్జునసాగర్‌లో 100.8 మెగావాట్ల యంత్రాలు ఏడు, శ్రీశైలం ఎడమగట్టులో 150 మెగావాట్లవి ఆరు అటూ ఇటూ తిరగగలవు. ఒకవైపు తిరిగితే కరెంటు ఇస్తాయి, రెండోవైపు తిరిగితే కింది నీటిని పైకి తోడతాయి. ఎండ ఎక్కువున్న మధ్యాహ్నం తోడి, పొద్దు గూకాక వదలడానికి వీటిని మించిన ఏర్పాటు లేదు. తోడేటప్పుడు కూడా వాటి బరువైన రోటర్లు గ్రిడ్‌తో అడుగు కలిపే తిరుగుతాయి కనుక, ఆ ఊపు రథానికి దక్కుతూనే ఉంటుంది.