చలికాలపు దిగులుకు పొద్దుటి వెలుతురు

డిసెంబరు మూడో వారంలో హైదరాబాద్‌లో పగలు సుమారు 11 గంటలు ఉంటుంది. టొరంటోలో 9 గంటలు, లండన్‌లో 8 కూడా ఉండదు. కెనడాలోనే ఇంకా ఉత్తరాన ఉన్న ఎడ్మంటన్‌లో ఏడున్నర. మన దగ్గర ఏడాదిలో అతి పెద్ద పగటికీ అతి చిన్న పగటికీ తేడా రెండు గంటల పైన కొద్ది నిమిషాలే. అందుకే చలికాలం అనగానే మనకు భోగి మంటలు, రేగిపళ్లు గుర్తొస్తాయి. ఆ కాలమే మనిషిని మంచానికి అతుక్కుపోయేలా చేస్తుందంటే నమ్మబుద్ధి కాదు.

ఈ వెలుతురులో పెరిగి చదువు కోసం టొరంటో వెళ్లిన కుర్రాణ్ని ఊహించుకోండి. అద్దె తక్కువని బేస్‌మెంట్ రూమ్ తీసుకున్నాడు. గోడ పైభాగాన జానెడు కిటికీ, దాన్నీ సగం మంచు కప్పేసింది. అర్ధరాత్రి దాకా స్టోర్‌లో షిఫ్టు, పొద్దెక్కాక పదింటికి లేవడం, క్లాసుకు పరుగు. బయటికొచ్చేసరికి చీకటి, ఎందుకంటే డిసెంబరులో అక్కడ సాయంత్రం సుమారు 4:45కే పొద్దు గూకుతుంది. పది గంటలు పడుకున్నా ఒళ్లు బరువుగానే ఉంటుంది. అన్నం, బ్రెడ్డు, స్వీట్లు ఎన్ని తిన్నా ఇంకా కావాలనిపిస్తుంది. ఫ్రెండ్స్ పిలిస్తే ఏదో ఒక వంక చెబుతాడు. అమ్మ అడిగితే "ఏం లేదమ్మా, నిద్ర చాలట్లేదు" అంటాడు. ఇంట్లోవాళ్లు బెంగ పెట్టుకున్నాడనుకుంటారు. తనేమో బద్ధకం పెరిగిపోయిందని తన్ను తానే తిట్టుకుంటాడు. అప్పు చేసి పంపారన్న టెన్షన్ దాని మీద ఇంకొకటి. బెంగా నిజమే కావచ్చు, డబ్బు ఇబ్బందీ నిజమే కావచ్చు. కానీ ఈ దిగులు ఏటా అక్టోబరు, నవంబరుల్లో మొదలై వసంతం వచ్చేసరికి దానంతటదే పోతుంటే, అది పేరున్న జబ్బు: సీజనల్ అఫెక్టివ్ డిజార్డర్. మామూలు డిప్రెషన్‌లో చాలామందికి నిద్ర, ఆకలి తగ్గుతాయి. ఇందులో ఎక్కువగా అవి పెరుగుతాయి.

దక్షిణాఫ్రికా నుంచి న్యూయార్క్ వెళ్లిన మానసిక వైద్యుడు నార్మన్ రోసెంతాల్ చలికాలం వస్తే తన ఉత్సాహం పడిపోవడాన్ని గమనించాడు. 1984లో సహచరులతో కలిసి ఈ జబ్బును వర్ణించి, ప్రకాశవంతమైన దీపకాంతితో అది తగ్గుతుందని చూపించాడు. దానికి పునాది 1980లోనే పడింది. చీకటి పడ్డాక శరీరంలో ఊరే మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్‌ను మామూలు గది లైట్లు పెద్దగా కదిలించలేకపోతే, 2,500 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) కాంతి అణచేసిందని ఆల్ఫ్రెడ్ లూయీ బృందం కనుక్కుంది.

కన్ను చూడటానికే కాదు, శరీరానికి టైమ్ చెప్పడానికి కూడా. కంటి లోపలి పొర రెటీనాలో మెలనాప్సిన్ అనే పదార్థమున్న కొన్ని కణాలు నేరుగా వెలుతురును పసిగడతాయని 2002లో డేవిడ్ బెర్సన్ బృందం చూపింది. ఆ కబురు మెదడులో దాదాపు 20,000 నాడీకణాలున్న గడియారానికి చేరుతుంది. చాలామందిలో ఆ గడియారం 24 గంటల కన్నా కాస్త నెమ్మదిగా నడుస్తుంది. రోజూ పొద్దుటి వెలుతురే దాన్ని సరిచేస్తుంది. తెల్లవారడం ఆలస్యమైతే గడియారం వెనకబడుతుంది, మనిషి క్లాసులో కూర్చున్నా ఒంటికి ఇంకా రాత్రే. అందరిలో ఇదొక్కటే కారణమని అనలేం, మెదడులోని సెరటోనిన్ అనే రసాయనం పాత్ర కూడా ఉందంటారు. అయినా ఇప్పటికి బలంగా నిలిచిన వివరణ ఇది. 1990లో అమెరికాలో వచ్చిన ఒక సర్వేలో ఫ్లోరిడాలో ఈ లక్షణాలున్నవాళ్లు నూటికి ఒకరు, ఉత్తరాన న్యూహాంప్‌షైర్‌లో తొమ్మిది పది మంది.

గదిలో లైట్లన్నీ వేసుకుంటే చాలదా? చాలదు. ఇంట్లో వెలుతురు సాధారణంగా 100 నుంచి 500 లక్స్ ఉంటుంది. మబ్బు పట్టిన రోజు కూడా ఆరుబయట అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది, మంచి ఎండలో 50,000 దాటుతుంది. కన్ను సర్దుకుపోతుంది కాబట్టి ఈ తేడా మనకు తెలియదు.

మనవాళ్లు తరచూ పొరబడేది విటమిన్ డి దగ్గర. అది చర్మం మీద ఎండ పడితే తయారయ్యేది, ఇది కంటిలోకి వెళ్లే వెలుతురు సంగతి. విటమిన్ డి తక్కువైతే మాత్రలు వేసుకోవాల్సిందే, కానీ అవి ఈ దీపానికి బదులు కావు.

ఆ దీపాన్ని లైట్ బాక్స్ అంటారు. కావలసింది 10,000 లక్స్, నిద్ర లేచిన గంటలోపు, అరగంట పాటు, రోజూ. కొనేటప్పుడు చూడాల్సింది దూరం. చిన్న దీపాల పెట్టె మీద 10,000 అని రాసి ఉన్నా, ఆ కాంతి అందాలంటే ముఖం జానెడు దూరంలో పెట్టాల్సి రావచ్చు. మూరెడు దూరంలో కూర్చుంటే అందులో కొంతే కంటికి చేరుతుంది. అతినీలలోహిత కిరణాలను ఆపే ఫిల్టర్ ఉండాలి. దీపాన్ని కాస్త పక్కగా, కంటి మట్టం కన్నా కొంచెం పైన పెట్టి, దానివైపే గుచ్చి చూడకుండా టిఫిన్ తినొచ్చు, చదువుకోవచ్చు. కళ్లు మాత్రం తెరిచే ఉండాలి. చాలామందికి ఒకటి రెండు వారాల్లో తేడా తెలుస్తుంది. రెటీనా జబ్బులున్నవాళ్లు, బైపోలార్ (అతి ఉత్సాహం, దిగులు మార్చి మార్చి వచ్చే జబ్బు) ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టకూడదు. బైపోలార్‌లో ఇది ఉన్మాద దశను రేపగలదు.

అలాగని దీపమే సర్వస్వం కాదు. వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో కెల్లీ రోహన్ 177 మందితో చేసిన అధ్యయనంలో ఆరు వారాల తర్వాత దీపమూ, ఆలోచనలను, అలవాట్లను మార్చే కౌన్సెలింగూ సమానంగా పనిచేశాయి. రెండు చలికాలాల తర్వాత చూస్తే దీపం వాడినవాళ్లలో 46 శాతం మందికి, కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్లలో 27 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. దీపం ఏటా వెలిగించాలి, అలవాటు మనతోనే ఉంటుంది. నాకైతే రెండూ కావాలనిపిస్తుంది. మందులూ ఉన్నాయి, వాటి సంగతి డాక్టర్ చూసుకోవాలి.

బతకాలని లేదన్న ఆలోచన వస్తే వసంతం దాకా ఆగొద్దు. అమెరికా, కెనడాల్లో 988, బ్రిటన్‌లో 116 123, మన దేశంలో టెలి మానస్ 14416కు వెంటనే ఫోన్ చేయాలి.

ఇక్కడున్న అమ్మానాన్నలు చేయగలిగిన పని ఒకటుంది. చలికాలంలో మనకు సాయంత్రం ఆరున్నర అయితే టొరంటోలో పొద్దున ఎనిమిది, అప్పుడే తెల్లవారి ఉంటుంది. షిఫ్టు లేని రోజైనా ఆ టైమ్‌కు ఫోన్ చేసి, "కోటు వేసుకుని బయటికి రా నాన్నా, నడుస్తూ మాట్లాడుకుందాం" అనండి.