వెళ్లడానికి తొమ్మిదిన్నర, తిరిగి రావడానికి పదకొండు

టోక్యో నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి విమానంలో సుమారు తొమ్మిదిన్నర గంటలు పడుతుంది. తిరిగి రావడానికి దాదాపు పదకొండు. రెండు ఎయిర్‌పోర్టులూ ఎక్కడివి అక్కడే ఉన్నాయి, మధ్య దూరం ఎటు నుంచి కొలిచినా సుమారు 8,200 కిలోమీటర్లే.

ముందు ఆ 8,200 సంగతి చూద్దాం. గోడ మీది ప్రపంచ పటంలో స్కేలు పెట్టి ఈ రెండు ఊళ్లనీ కలిపితే, గీత దాదాపు ఒకే అక్షాంశం వెంట పోతుంది. ఆ గీత పట్టుకుని ఎగిరితే 8,600 కిలోమీటర్లు దాటిపోతుంది. అసలు దగ్గరి దారి కావాలంటే గ్లోబు మీద దారం బిగించి లాగాలి. అది ఉత్తరానికి, అలాస్కా పక్కనున్న అల్యూషన్ దీవుల వైపు వంగి వెళ్తుంది. దీన్నే మహావృత్త మార్గం అంటారు. సీటు ముందు స్క్రీన్ మీద విమానం చుట్టూ తిరిగి పోతున్నట్టు కనిపిస్తే పైలట్‌ని అనుమానించక్కర్లేదు, వంకర పటంలోనే ఉంది.

ఇక సమయం. భూమి తూర్పుకి తిరుగుతోంది కాబట్టే ఈ తేడా అని చాలామంది అంటారు. అదే నిజమైతే ఊరు ఎదురొచ్చి, పడమరకి వెళ్లే విమానమే ముందు చేరాలి. జరుగుతున్నది దానికి పూర్తిగా విరుద్ధం. భూమితో పాటు గాలీ తిరుగుతుంది, ఆ గాలిలోనే విమానమూ ఉంటుంది.

అసలు కారణం జెట్ స్ట్రీమ్. సుమారు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి పారే గాలినది ఇది. చలికాలంలో జపాన్ మీద దీని వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. 1920లలోనే ఓయిషి వాసాబురో అనే జపాన్ వాతావరణ శాస్త్రవేత్త బెలూన్లు ఎగరేసి దీన్ని కొలిచాడు. ఆ నివేదికని ఎస్పెరాంతో అనే, కొద్దిమందికే వచ్చిన కృత్రిమ భాషలో అచ్చువేయడంతో బయట ప్రపంచంలో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, పాపం.

వెళ్లేటప్పుడు లాభం, వచ్చేటప్పుడు నష్టం, మొత్తం మీద చెల్లుకు చెల్లు అనిపిస్తుంది. చెల్లదు. గాలితో పోలిస్తే విమానం వేగం గంటకు 900 కిలోమీటర్లు అనుకుందాం. గాలే లేకపోతే రానూపోనూ కలిపి 18 గంటల 13 నిమిషాలు. 100 కిలోమీటర్ల గాలి వీస్తుంటే వెళ్లడానికి 8 గంటల 12 నిమిషాలు, రావడానికి 10 గంటల 15 నిమిషాలు. కలిపితే 18 గంటల 27 నిమిషాలు. ఎదురుగాలిలో ఎక్కువసేపు గడపాల్సి రావడమే ఆ 14 నిమిషాల నష్టానికి కారణం. టికెట్ మీది సమయం ఇంకాస్త ఎక్కువే ఉంటుంది, ఎందుకంటే అది గేటు నుంచి గేటుకి లెక్క.

అందుకే ఏ రోజు గాలిని బట్టి ఆ రోజు దారి వేస్తారు. తూర్పుకి వెళ్లేటప్పుడు దూరం కాస్త పెరిగినా ఫర్వాలేదని జెట్ స్ట్రీమ్‌లోకి దిగుతారు. పడమరకి వచ్చేటప్పుడు దాన్ని తప్పించుకుంటూ పోతారు.

గాలితో పని లేకుండా కూడా గంటలు పెరగొచ్చు. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి నుంచి టోక్యోకి మహావృత్త దూరం సుమారు 7,800 కిలోమీటర్లు. సైబీరియా మీదుగా తొమ్మిదిన్నర గంటల్లో చేరే ఫిన్‌ఎయిర్ విమానాలకి, 2022లో రష్యా గగనతలం మూతపడ్డాక దాదాపు 13 గంటలు పడుతోంది. ఉత్తర ధ్రువం వైపు నుంచో, దక్షిణాన మధ్య ఆసియా మీదుగానో తిరిగి వెళ్లాల్సి వస్తోంది.