హోమ్‌పేజీ బ్యానర్: సెల్లర్లు అనుకునేది, లోపల జరిగేది

దసరా, దీపావళి సేల్స్ దగ్గరపడితే చాలు, నాకొచ్చే ఫోన్లలో సగం ఇదే: "అన్నా, యాప్ తెరవగానే పైన పెద్ద బ్యానర్ వస్తది కదా, అందులో మన చీరలు పెట్టియ్యాలంటే ఎంతయితది?" అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషోల్లో అమ్మేవాళ్ల యాడ్స్ చూసుకోవడమే నా పని. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేదంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: డబ్బు కడితే ఆ జాగా మనదే

హైవే పక్కన హోర్డింగ్ లాంటిదనుకుంటారు చాలామంది. హోర్డింగ్ అయితే దారిన పోయే అందరికీ ఒకటే బొమ్మ. యాప్‌లో ఆ పైజాగాలో కొన్ని బ్యానర్లు ఒకదాని తర్వాత ఒకటి తిరుగుతుంటాయి, మీకు వచ్చినవి మీ పక్కింటావిడకు రాకపోవచ్చు. ఎవరు ఏం వెతికారు, ఏం కొన్నారు అన్నదాన్ని బట్టి మారిపోతుంటాయి. కాబట్టి "మా బావమరిది ఫోన్లో మన బ్యానర్ కనపడలేదు, డబ్బులు తినేశారు" అని గొడవకు దిగొద్దు. మీ ఫోన్లో కనపడిందని సంబరపడటం కూడా అంతే. మీ లిస్టింగ్‌ను (యాప్‌లో మీ సరుకు పేజీని) మీరే రోజూ తెరిచి చూసుకుంటుంటే, దాని మీద మీకే మోజు ఉందనుకుని యాప్ మళ్లీ మీకే చూపిస్తుంది.

పైన కనిపించే పెద్ద బ్యానర్లను సాధారణంగా "వెయ్యిసార్లు చూపిస్తే ఇంత" అన్న లెక్కన అమ్ముతారు. పెద్ద బ్రాండ్లు ఏజెన్సీల ద్వారా, లేదా ప్లాట్‌ఫామ్ యాడ్స్ టీమ్‌తో నేరుగా మాట్లాడుకుని కొంటాయి. మన సెల్లర్ ప్యానెల్‌లో, అంటే అమ్మేవాళ్లు లాగిన్ అయ్యే పేజీలో దొరికేవి వేరే. అవి ఎక్కువగా క్లిక్ పడితేనే డబ్బు కట్ అయ్యే యాడ్స్, వేలంపాట మీద నడుస్తాయి. ఇవి సెర్చ్ ఫలితాల్లో, ప్రొడక్ట్ పేజీల్లో, అప్పుడప్పుడు హోమ్‌పేజీ కింది వరసల్లో పడతాయి. ఏదో ఒక రోజు హోమ్‌పేజీలో పడింది కదా అని రోజూ అక్కడే పడుతుందన్న గ్యారంటీ లేదు.

అపోహ: పైన కనపడేవన్నీ సెల్లర్లు డబ్బు కట్టి వేయించినవే

కావు. బిగ్ బిలియన్ డేస్ లాంటి సేల్ బ్యానర్లు ప్లాట్‌ఫామ్ సొంత ప్రచారం. "ఫలానా కార్డుతో పది శాతం తగ్గింపు" లాంటి వాటిలో బ్యాంకు డబ్బు కూడా ఉంటుంది. అలాంటి బ్యానర్ నొక్కితే లోపల చిన్న చిన్న గళ్లుగా "499 లోపు కుర్తీలు", "పండగ చీరలు" అని వస్తాయి చూడండి, చిన్న సెల్లర్ వెళ్లగలిగే గుమ్మం అదే. దానికి బ్యానర్ రేటుతో పని లేదు. సేల్‌కు ముందు ప్యానెల్‌లో డీల్స్, ఆఫర్లు తెరుస్తారు. మీరు పేరు ఇవ్వాలి, ధర తగ్గించాలి, స్టాక్ చూపించాలి, రేటింగ్ బాగుండాలి. నూటికి ఎనభై మంది గడువు దాటాక నాకు ఫోన్ చేస్తారు! (లెక్కపెట్టలేదు గానీ అలాగే అనిపిస్తుంది.)

డబ్బు కట్టి పైకి తెచ్చిన లిస్టింగ్ అయితే ఆ సంగతి కొనేవాళ్లకు తెలియాలి. "స్పాన్సర్డ్" అనే చిన్న అక్షరాలు అందుకే.

అపోహ: లోపల తెలిసినవాళ్లుంటే పనైపోతుంది

దీన్ని పూర్తిగా కొట్టిపారేయలేను. కేటగిరీ మేనేజర్‌తో (చీరల్లాంటి ఒక్కో విభాగాన్ని చూసుకునే ప్లాట్‌ఫామ్ ఉద్యోగితో) రోజూ మాట్లాడే సెల్లర్‌కు సేల్ సంగతి ముందే తెలుస్తుంది, సరుకు ముందే దించుకుంటాడు. విదేశీ పెట్టుబడి ఉన్న మార్కెట్‌ప్లేస్‌లు సెల్లర్లకు తేడా చూపకుండా సేవలు ఇవ్వాలని 2018 డిసెంబరులో వచ్చిన కేంద్ర ప్రభుత్వ ప్రెస్ నోట్ 2 చెబుతోంది. అయినా కొందరికే పెద్దపీట వేస్తున్నారన్న ఫిర్యాదు మీద 2020 జనవరిలో వ్యాపారంలో పోటీ సవ్యంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్‌ల మీద దర్యాప్తుకు ఆదేశించింది. మన స్థాయిలో మాత్రం పరిచయం కన్నా స్టాకే ఎక్కువ పని చేస్తుంది. సేల్ మొదలైన పూటే సైజులు అయిపోయిన లిస్టింగ్‌ను ఎవరూ పైన ఉంచరు.

అపోహ: బ్యానర్ పడితే ఆర్డర్లు వాటంతటవే వస్తాయి

ఇక్కడ కాగితం, పెన్ను తీయండి. ఈ అంకెలు లెక్క కోసం వేసుకున్నవే, మీవి మీరు పెట్టుకోండి. వెయ్యిసార్లు చూపించడానికి 150 రూపాయలు. వెయ్యి మందిలో ఐదుగురు నొక్కారు, అంటే క్లిక్‌కు 30 రూపాయలు పడింది. వంద క్లిక్‌లకు రెండు ఆర్డర్లు వస్తే, 3,000 ఖర్చుకు రెండు ఆర్డర్లు. ఒక్కో ఆర్డర్ మీద 1,500 యాడ్ ఖర్చు. చీర 1,800కి అమ్మి 400 మిగుల్చుకునేవాడికి ఏం మిగులుతుంది? అందులో రిటర్న్ వచ్చేవి వేరే.

అదే "కాటన్ చీర" అని వెతుకుతున్న మనిషికి సెర్చ్‌లో చూపిస్తే? క్లిక్ 8 రూపాయలు, వందకు ఐదు ఆర్డర్లు అనుకుందాం. ఆర్డర్‌కు 160. వెతికేవాళ్లు కొనాలనే వస్తారు. బ్యానర్ చూసేవాళ్లు కరెంటు బిల్లు కట్టడానికి యాప్ తెరిచి ఉండొచ్చు. బ్యానర్ పేరు గుర్తుండటానికి పనికొస్తుంది, పది లిస్టింగ్‌లతో మొదలుపెట్టినవాళ్లకు అది ఆఖరి ఖర్చు. ముందు ఫొటోలు మార్చండి. బ్లౌజ్ పీస్ రంగు కూడా తెలియని ఫొటోతో క్లిక్‌లు కొనడం ఎందుకు?

అపోహ: ఎవరి సరుకైనా బ్యానర్ వేయొచ్చు

బ్రాండ్ పేరుతో వేసే యాడ్స్‌కు అమెజాన్‌లో బ్రాండ్ రిజిస్ట్రీ (బ్రాండు మనదేనని చేయించుకునే నమోదు) కావాలి, దానికి ట్రేడ్‌మార్క్ కావాలి. ఆన్‌లైన్‌లో ట్రేడ్‌మార్క్ దరఖాస్తు ఫీజు వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఒక్కో క్లాసుకు (సరుకు రకానికి) 4,500 రూపాయలు. వేరేవాళ్ల బ్రాండు తెచ్చి అమ్మేవాళ్లకు ఇంకో చిక్కుంది. ఒకే లిస్టింగ్ మీద నలుగురు సెల్లర్లుంటే, జనాన్ని ఆ పేజీకి తెచ్చిన ఖర్చు ఒకరిది, ఆర్డర్ మాత్రం "కొనండి" బటన్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లది కావచ్చు.

అపోహ: "మార్కెటింగ్ టీమ్ నుంచి మాట్లాడుతున్నాం" అంటే నిజమే

సేల్ సీజన్‌లో ఈ ఫోన్లు ఎక్కువ. పదిహేను వేలు పంపితే రేపే హోమ్‌పేజీలో వేస్తామంటారు, ఎవరి పేరు మీదో ఉన్న యూపీఐ నంబర్ ఇస్తారు. అసలు యాడ్ డబ్బు మీ ప్యానెల్‌లోని వాలెట్‌లోంచో, కార్డులోంచో, సెటిల్‌మెంట్‌లోంచో (అమ్మకాల మీద మీకు రావాల్సిన డబ్బులోంచో) పోతుంది. 18 శాతం జీఎస్టీతో ఇన్‌వాయిస్ వస్తుంది, అర్హత ఉంటే ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవచ్చు, అంటే ఆ పన్నును మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకోవచ్చు. ఫోన్ చేసినవాణ్ని "ప్యానెల్‌లో క్యాంపెయిన్ ఐడీ (ఆ యాడ్ నంబర్) చూపించు, అక్కడే కడతా" అని అడగండి. ఓటీపీ అడిగితే మాత్రం మాట్లాడకుండా పెట్టేయండి.