ఆన్‌లైన్‌లో పేరు తప్పు పడితే పొలం పోదండీ

పాత ఆర్ఎస్ఆర్‌ని (బ్రిటిష్ కాలపు రీసెటిల్‌మెంట్ భూమి రిజిస్టర్ని) ఇప్పటి వెబ్‌ల్యాండ్‌తో (ఏపీ ప్రభుత్వ ఆన్‌లైన్ భూమి రికార్డుతో) సరిపోల్చే డేటా పని నాది. అమలాపురం, రాజోలు వైపు ఏ ఊరెళ్లినా ఒకటే టెన్షన్: "ఆన్‌లైన్‌లో మా పేరు రావట్లేదండీ, పొలం పోయినట్టేనా?"

అపోహ: కంప్యూటర్ తేడా చూపిస్తే హక్కు పోయినట్టే.

వాస్తవం: పోదు. మీ హక్కు దస్తావేజులోనూ, వారసత్వంలోనూ, అనుభవంలోనూ ఉంది. మా ప్రోగ్రామ్ తేడా ఉన్న ఎంట్రీలను పక్కకి తీసి చూపిస్తుంది, అంతే. కాగితాలు చూసి సరిచేసేది తహశీల్దారు, అసలు హక్కు మీదే తగాదా ఉంటే తేల్చేది సివిల్ కోర్టు.

తేడాలు ఎక్కడ పుడతాయో చూడండి. బ్రిటిష్ కాలపు రిజిస్టర్లో ఇంగ్లీషు చేతిరాతతో ఉన్న '2బి'ని స్కాన్ చదివే సాఫ్ట్‌వేర్ '28' అనుకుంటుంది. 112/2బి కాస్తా 112/28 అయిపోతుంది, ఊరంతా వెతికినా ఆ నంబరు ఉండదు. ఇక పేర్లు సరేసరి. ఒక మామ్మగారి కొబ్బరితోట రికార్డులో సత్తెమ్మ, ఆధార్‌లో సత్యవతి. గవర్నమెంటు లాగేసుకుంటుందని ఒక బ్రోకర్ భయపెడితే సగం ధరకి బయానా తీసుకోబోయారు. ట్రంకుపెట్టెలోంచి మామగారి నాటి శిస్తు రసీదులు తీయించి చూస్తే అదే సర్వే నంబరు, అదే విస్తీర్ణం, అదే ఇంటిపేరు! పేరు సవరణకి దరఖాస్తు పెడితే సరిపోయే పని అది. ఇలా భయంతో అమ్ముకున్నవాళ్లని తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

రీసర్వేలో, అంటే ప్రభుత్వం భూములు మళ్లీ కొలిచినప్పుడు, రెండు సెంట్లు తగ్గితే ఎవరో కొట్టేశారని కాదు. అప్పట్లో 66 అడుగుల గొలుసుని బురదలో లాగి కొలిచారు, ఇప్పుడు ఉపగ్రహ సిగ్నల్‌తో రోవర్ అనే పరికరం కొలుస్తోంది. ముందు గట్టు చూసుకోండి. గట్టు కదలకపోతే మారింది అంకె మాత్రమే. కదిలితే మాత్రం 9(2) నోటీసు (కొలత పూర్తయ్యాక తేలిన హద్దులు తెలియజేసే సర్వే నోటీసు) రాగానే గడువులోపు అప్పీలు వెయ్యండి, ఊరుకోవద్దు.

పాత రిజిస్టర్లో పట్టాదారు గడిలో పేరు బదులు చుక్కలుంటే సర్కారు భూమే అనుకోకండి, వాటికోసమే 2017లో ప్రత్యేక చట్టం తెచ్చారు. ఇంకా చాలామందిని భయపెడుతున్న ల్యాండ్ టైట్లింగ్ చట్టాన్ని 2024లోనే రద్దు చేశారు, దాని మీద వాట్సాప్‌లో తిరిగే పాత మెసేజ్‌లు దయచేసి ఆపండి.

దరఖాస్తు ఇచ్చాక రసీదు అడిగి తీసుకోండి. ఒరిజినల్ దస్తావేజు ఏ మధ్యవర్తి చేతికీ ఇవ్వకండి, జిరాక్సులు చాలు.