పదమూడేళ్ల సంతకానికి పదిహేడేళ్ల పద్దు

2025 సెప్టెంబరు 30న మిన్నెసోటా వైల్డ్ జట్టు తన స్టార్ ఆటగాడు కిరిల్ కప్రిజోవ్‌తో ఎనిమిదేళ్లకు 13.6 కోట్ల డాలర్ల కాంట్రాక్ట్ కుదుర్చుకుంది. ఏడాదికి 1.7 కోట్ల డాలర్లు. ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ చరిత్రలో ఇంత పెద్ద కాంట్రాక్ట్ ఇంతకు ముందు లేదు. ఆ వార్త చదవగానే నాకు 2012 జులై 4 గుర్తొచ్చింది. అదే జట్టు ఆ రోజు ఇద్దరు ఆటగాళ్లకు చెరో పదమూడేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చింది. ఆ లెక్క ఇప్పటికీ తెగలేదు.

హాకీ అనగానే మనకు ధ్యాన్‌చంద్ గుర్తొస్తారు. ఇది ఆ హాకీ కాదు. అమెరికా, కెనడాల్లో మంచు మీద స్కేట్లు కట్టుకుని ఆడేది. ఆట నియమాలు తెలియకపోయినా ఈ కథ అర్థమవుతుంది, ఎందుకంటే ఇది డబ్బు లెక్కల కథ. ఐపీఎల్ వేలం చూసేవాళ్లకు సగం ముందే తెలుసు. 2025 మెగా వేలానికి ఒక్కో జట్టుకు 120 కోట్ల రూపాయల పర్సు, అది దాటితే ఎంత మంచి ఆటగాడైనా చెయ్యి దించాల్సిందే. కాకపోతే ఐపీఎల్‌లో మూడేళ్లకోసారి పలక తుడిచేసి మళ్లీ మొదలుపెడతారు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆ సదుపాయం లేదు. ఈ రోజు రాసిన అంకె పదేళ్ల తర్వాత కూడా పలక మీదే ఉంటుంది.

అసలు ఆ పర్సు, అంటే శాలరీ క్యాప్, ఇప్పటి రూపంలో 2005 దాకా ఎన్‌హెచ్‌ఎల్‌లో లేదు. 1994లో యజమానులు లాకౌట్ పెట్టి దాదాపు సగం సీజన్ పోగొట్టుకున్నా క్యాప్ మాత్రం సాధించలేకపోయారు. ఆ తర్వాత జీతాలు పెరుగుతూ పోయాయి. చిన్న ఊళ్ల జట్లు తట్టుకోలేకపోయాయి. క్విబెక్ జట్టు 1995లో కొలరాడోకి, విన్నిపెగ్ జట్టు 1996లో ఫీనిక్స్‌కి తరలిపోయాయి. 2003లో ఒట్టావా, బఫెలో జట్లు దివాలా పిటిషన్ వేశాయి. లీగ్ కోరితే లెక్కలు చూసిన ఆర్థర్ లెవిట్, వచ్చిన ఆదాయంలో 75 శాతం జీతాలకే పోతోందని, 2002-03 సీజన్‌లో జట్లన్నిటికీ కలిపి 27.3 కోట్ల డాలర్ల నష్టమని నివేదిక ఇచ్చారు. ఆటగాళ్ల సంఘం ఆ అంకెల్ని నమ్మలేదు. అది వేరే తగువు.

2004 సెప్టెంబరులో మళ్లీ లాకౌట్. ఈసారి సీజన్ మొత్తం పోయింది. ఉత్తర అమెరికాలో ఒక పెద్ద లీగ్ కార్మిక వివాదం వల్ల పూర్తి సీజన్ పోగొట్టుకోవడం అదే మొదటిసారి. చివరికి ఆటగాళ్లే దిగొచ్చారు. ఉన్న కాంట్రాక్టులన్నిటిలో 24 శాతం కోత పడింది. జట్టుకు 3.9 కోట్ల డాలర్ల గరిష్ఠ పరిమితి, 2.15 కోట్ల కనిష్ఠ పరిమితి వచ్చాయి. ఒక్క ఆటగాడికి క్యాప్‌లో 20 శాతానికి మించి ఇవ్వకూడదన్నారు. అంతా పకడ్బందీగానే కనిపించింది.

కానీ ఒక చోట తలుపు తెరిచే ఉంది. ఒక ఆటగాడి కాంట్రాక్ట్ క్యాప్ లెక్కలో ఎంతగా పడుతుందంటే, మొత్తం డబ్బును ఏళ్లతో భాగిస్తే వచ్చేంత. ఏ ఏడాది ఎంత చేతికిచ్చారన్నది ఆ లెక్కలోకి రాదు. సగటు ఒక్కటే. అలాంటప్పుడు సగటు తగ్గించడానికి దారి ఏమిటి? ఏళ్లు పెంచడం. ముప్పై ఐదేళ్లకు ఆట మానేసే మనిషికి నలభై రెండేళ్ల దాకా కాంట్రాక్ట్ రాసి, చివరి ఏళ్లకు నామమాత్రపు జీతం వేస్తే సరి. పైసలన్నీ ముందే ఆటగాడి చేతికి వస్తాయి, జట్టుకు క్యాప్‌లో చోటు మిగులుతుంది.

సుదీర్ఘ కాంట్రాక్టులు కొత్తేం కాదు. 1979లో వేన్ గ్రెట్జ్‌కీ తన పద్దెనిమిదో పుట్టినరోజున ఎడ్మంటన్‌తో 21 ఏళ్లకు సంతకం చేశాడు, మంచు మైదానం నట్టనడుమ బల్ల వేసుకుని. తొమ్మిదేళ్లకే అతన్ని లాస్ ఏంజెలెస్‌కు పంపేశారు. ఆ రోజుల్లో సుదీర్ఘ కాంట్రాక్ట్ అంటే ఆటగాణ్ని కట్టిపడేసుకోవడం. 2005 తర్వాత అది లెక్కల మాస్టారి పనిముట్టు అయింది.

2006లో న్యూయార్క్ ఐలాండర్స్ గోలీ (గోల్‌కీపర్) రిక్ డిపియెట్రోకి 15 ఏళ్లకు 6.75 కోట్ల డాలర్లు ఇచ్చింది. దీన్ని మోసం అనలేం, మొండి ఆశ అనాలి. గాయాలు అతని ఆటను తినేశాయి. అసలైన తెలివి 2009లో బయటపడింది. షికాగో జట్టు మరియన్ హోసాకి 12 ఏళ్లకు 6.33 కోట్లు రాసింది. మొదటి ఏడేళ్లూ ఏడాదికి 79 లక్షలు, ఎనిమిదో ఏట 40 లక్షలు, చివరి నాలుగేళ్లూ పదేసి లక్షలు. క్యాప్ లెక్కలో మాత్రం ప్రతి ఏటా 52.75 లక్షలే. ఆ కాంట్రాక్ట్ నడిచిన కాలంలో షికాగో 2010, 2013, 2015ల్లో మూడుసార్లు లీగ్ ట్రోఫీ స్టాన్లీ కప్ గెలిచింది. కాబట్టి ఈ ఎత్తు పారలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పారింది, బాగా పారింది.

పారింది కాబట్టే హద్దు దాటారు. 2010 జులైలో న్యూజెర్సీ డెవిల్స్ ఇల్యా కొవల్‌చుక్‌కి 17 ఏళ్ల కాంట్రాక్ట్ ఇచ్చింది. మొత్తం 10.2 కోట్లు. మధ్యలో ఐదేళ్లపాటు ఏడాదికి 1.15 కోట్లు, ఆఖరి ఐదేళ్లూ ఐదున్నర లక్షల చొప్పున. ఆ కాంట్రాక్ట్ ముగిసేనాటికి అతనికి 44 ఏళ్లు. ఇందులో పసందైన సంగతి ఒకటుంది. జట్టు మేనేజర్ లూ లామొరెల్లో పరిచయ సమావేశంలోనే, ఇలాంటి కాంట్రాక్టులు ఉండకూడదని, కాకపోతే నిబంధనల ప్రకారం తప్పు కాదని చెప్పేశారు. ఆ మాట లీగ్ ఆఫీసుకు బాగానే వినిపించినట్టుంది, కాంట్రాక్ట్‌ను తిరస్కరించింది. మధ్యవర్తి రిచర్డ్ బ్లాక్ కూడా ఆగస్టులో లీగ్ వైపే తీర్పు చెప్పారు. ఆ తర్వాత పాము చావకుండా కర్ర విరగకుండా 15 ఏళ్లకు 10 కోట్ల కాంట్రాక్ట్ ఒకటి రాసి ఆమోదించారు. జట్టుకు జరిమానా పడింది, డ్రాఫ్ట్‌లో కొత్త కుర్రాళ్లను ఎంచుకునే అవకాశాలూ రెండు పోయాయి (తర్వాత ఆ శిక్షను తగ్గించారులెండి). ఇంతా చేసి కొవల్‌చుక్ ఆడింది మూడు సీజన్లు. 2013లో 7.7 కోట్లు వదులుకుని రష్యా వెళ్లిపోయాడు.

ఇక 2012 ఎండాకాలం. యజమానులకు, ఆటగాళ్లకు మధ్య ఒప్పందం సెప్టెంబరులో ముగుస్తుంది, ఈ తలుపు మూసేస్తారని అందరికీ తెలుసు. షాపు మూసే ముందు గిరాకీ ఎలా ఉంటుందో అలా జరిగింది. నాష్‌విల్ డిఫెన్స్‌మన్ షే వెబర్‌కి ఫిలడెల్ఫియా 14 ఏళ్లకు 11 కోట్లు ఆశ చూపింది, వదులుకోలేక నాష్‌విల్ అంతా తానే భరించింది. మిన్నెసోటా సంగతి సరేసరి. జులై 4న జాక్ పరీజే, రయన్ సూటర్ ఇద్దరికీ ఒకే అచ్చు కాంట్రాక్ట్: పదమూడేళ్లు, 9.8 కోట్లు. మొదటి మూడేళ్లలోనే 3.5 కోట్లు చేతికి. చివరి మూడేళ్లకు కలిపి 40 లక్షలు. క్యాప్ లెక్కలో ఏడాదికి 75.38 లక్షలు.

రెండు నెలల్లో లాకౌట్ వచ్చింది. యజమానుల తరఫున చర్చల్లో కూర్చున్నవాళ్లలో మిన్నెసోటా యజమాని క్రెయిగ్ లీపోల్డ్ కూడా ఉన్నారు. సుదీర్ఘ కాంట్రాక్టులు ఆటను పాడు చేస్తున్నాయన్నది ఆ పక్షం వాదనల్లో ఒకటి! 2013 జనవరిలో కొత్త ఒప్పందం కుదిరింది. సొంత ఆటగాడికి ఎనిమిదేళ్లు, బయటివాడికి ఏడేళ్లు, అంతకు మించి కుదరదు. ఏడాదికీ ఏడాదికీ జీతం తేడా 35 శాతం దాటకూడదు, అతి తక్కువ జీతం అతి ఎక్కువ జీతంలో సగానికి తగ్గకూడదు.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. పాత కాంట్రాక్టులకూ వర్తించేలా ఇంకో నిబంధన పెట్టారు. ఆటగాడు గడువుకు ముందే రిటైరైతే, అప్పటిదాకా జట్టు క్యాప్‌లో ఎంత లాభపడిందో అంతా మిగిలిన ఏళ్లలో తిరిగి వసూలు చేస్తారు. రాసినప్పుడు లీగే ఆమోదించిన కాంట్రాక్టుకు తర్వాత శిక్ష వెయ్యడం నా దృష్టిలో అన్యాయం. వాంకూవర్ గోలీ రొబర్టో లువాంగో 2009లో 12 ఏళ్లకు సంతకం చేశాడు. 2013లో అతన్ని ఇంకో జట్టుకు పంపాలని చూస్తే కొనేవాడు దొరకలేదు. తన కాంట్రాక్టే తనకు అడ్డమని అతనే విలేకరుల ముందు వాపోయాడు. ఆ మరుసటి ఏడాది ఫ్లోరిడాకి వెళ్లి, 2019లో అక్కడే రిటైరయ్యాడు. అయినా వాంకూవర్‌కు మూడు సీజన్లపాటు ఏటా 30 లక్షల డాలర్ల పైచిలుకు క్యాప్ కోత పడింది. సంతకం పెట్టిన మేనేజర్ మైక్ గిల్లిస్‌ను ఆ జట్టు 2014లోనే పంపించేసింది.

మిన్నెసోటాను భయపెట్టింది కూడా ఈ నిబంధనే. 2021 నాటికి పరీజే, సూటర్ ఇద్దరికీ నాలుగేళ్లు మిగిలున్నాయి. ఆ ఇద్దరూ ఉన్న తొమ్మిది సీజన్లలో జట్టు ప్లేఆఫ్స్‌లో రెండో రౌండ్ దాటింది లేదు. మేనేజర్ బిల్ గెరిన్ ఆ జులైలో ఒకే రోజు ఇద్దరినీ బయౌట్ చేశారు. బయౌట్ అంటే మిగిలిన జీతంలో మూడింట రెండొంతులు, మిగిలిన ఏళ్లకు రెట్టింపు కాలంలో చెల్లించి సాగనంపడం. ఒక్కొక్కరికి మిగిలిన జీతం కోటి డాలర్లు. ఎనిమిదేళ్లకు పంచితే ఏడాదికి 8.33 లక్షలు. వినడానికి చవకే.

అసలు దెబ్బ క్యాప్ లెక్కలో ఉంది. జట్టు జీతంలో ఎంత ఆదా చేసిందో అంతే ఆ ఆటగాడి క్యాప్ అంకెలోంచి తీసేస్తారు. 2023-24లో ఒక్కొక్కరి జీతం పది లక్షలే కాబట్టి ఆదా లక్షా అరవై ఏడు వేలు. 75.38 లక్షల్లోంచి అది తీసేస్తే 73.7 లక్షలు. ఇద్దరికీ కలిపి 1.474 కోట్లు. ఆ సీజన్, ఆ తర్వాతి సీజన్ రెండూ అంతే. 2024-25లో లీగ్ క్యాప్ 8.8 కోట్లు, అంటే ఆరో వంతు జట్టులో లేని మనుషుల కింద పోయింది. అవతలి జట్టు రూపాయి పెట్టి ఆడుతుంటే వీళ్లు ఎనభై మూడు పైసలతో ఆడారన్నమాట. పైగా 2012లో ఎవరూ ఊహించని కరోనా వచ్చింది. టికెట్ల ఆదాయం పడిపోయి, క్యాప్ 8.15 కోట్ల దగ్గర మూడు సీజన్లు కదల్లేదు.

ఇరవై ముగ్గురి జాబితాలో ఈ లోటు ఎక్కడ కనిపిస్తుందంటే మధ్యలో. స్టార్‌ను వదులుకోలేరు, తొలి కాంట్రాక్ట్ మీదున్న కుర్రాళ్లు ఎలాగూ చవక. కోత పడేది నడుమ ఉన్న మంచి ఆటగాళ్లకే. కెవిన్ ఫియాలా 2021-22లో 85 పాయింట్లు (కొట్టిన గోల్స్, గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపి) సాధించాడు. జీతం పెంచాల్సిన సమయం రాగానే 2022 జూన్‌లో లాస్ ఏంజెలెస్‌కు పంపేశారు. బదులుగా వచ్చిన బ్రాక్ ఫేబర్ అక్కరకొచ్చాడు, అది ఆ మేనేజ్‌మెంట్ తెలివి కొంత, అదృష్టం కొంత.

బయౌట్ చెయ్యనివాళ్లు ఇంకో సందు వెతికారు. ఆటగాడు దీర్ఘకాల గాయం జాబితాలో ఉంటే క్యాప్‌లో వెసులుబాటు ఉంటుంది. రిటైర్మెంట్ కాగితం పెట్టకపోతే వసూళ్ల బాధా లేదు. కనిష్ఠ పరిమితి అందుకోవడానికి అప్పట్లో అవస్థ పడిన అరిజోనా లాంటి జట్టుకు ఇలాంటి కాంట్రాక్ట్ వరమైంది: కాగితం మీద పెద్ద అంకె, జేబులోంచి పోయేది తక్కువ. ప్రాంగర్, హోసా, వెబర్... ఒకరి తర్వాత ఒకరి పేరు అరిజోనా పద్దుల్లోకి చేరింది. వీళ్లలో ఒక్కరూ ఆ జట్టు జెర్సీ వేసుకుని మంచు మీదికి దిగలేదు.

క్యాప్ ప్లేఆఫ్స్‌లో వర్తించకపోవడం మరో సందు. 2021లో టాంపా బే స్టార్ నికితా కుచెరోవ్ తుంటి ఆపరేషన్‌తో లీగ్ దశ మొత్తం ఆడలేదు, ప్లేఆఫ్స్ మొదటి రోజు దిగాడు. కప్ గెలిచాక ‘క్యాప్‌కు 1.8 కోట్లు ఎక్కువ’ అని అచ్చేసిన టీషర్టు వేసుకున్నాడు. 2025-26 నుంచి ప్లేఆఫ్స్‌కీ క్యాప్ పెట్టారు.

2026 సెప్టెంబరులో అమల్లోకి వచ్చే ఒప్పందం కాంట్రాక్టులను ఇంకో ఏడాది కుదించింది: సొంత ఆటగాడికి ఏడు, బయటివాడికి ఆరు. మరోపక్క క్యాప్ 2025-26లో 9.55 కోట్లు, మరుసటి సీజన్‌కు 10.4 కోట్లు. ఇలా పెరిగే రోజుల్లో తొందరపడి ఎక్కువ కాలానికి సంతకం చేస్తే ఆటగాడికే నష్టమని కొందరి లెక్క. కానర్ మెక్‌డేవిడ్ అంతటివాడు 2025 అక్టోబరులో రెండేళ్లకే ఒప్పుకున్నాడు. కప్రిజోవ్ మాత్రం పాత నిబంధన ఉండగానే ఎనిమిదేళ్లూ తీసుకున్నాడు.

ఆ ఎనిమిదేళ్లు 2026-27లో మొదలవుతాయి. పరీజే, సూటర్ల బయౌట్ 2028-29 దాకా ఉంది. ఆ మూడు సీజన్లూ మిన్నెసోటా పద్దులో కప్రిజోవ్ 1.7 కోట్ల కింద, 2012 నాటి సంతకాల తాలూకు 16.7 లక్షల వరస ఇంకా ఉంటుంది. డిపియెట్రోని ఐలాండర్స్ 2013లోనే బయౌట్ చేసింది. అతనికి ఏటా వచ్చే 15 లక్షల చెక్కు ఆగేది కూడా 2029లోనే.