గ్యారేజీలో విమానం: ‘కట్టినవారు ఎవరు’ అనే ప్రశ్న వెనుక కథ

అమెరికాలో కారు పెట్టుకునే గ్యారేజీలో విమానం కట్టుకోవడం చట్టం ఒప్పుకున్న పని. అందుకు ఇంజనీరింగ్ పట్టా గానీ కర్మాగారం నడిపే అనుమతి గానీ అక్కరలేదు. విమానంలో అధిక భాగాన్ని తన విద్య కోసమో వినోదం కోసమో తానే తయారు చేసి బిగించానని కట్టిన మనిషి చూపగలిగితే, ప్రభుత్వ తనిఖీదారు వచ్చి చూసి ‘ప్రయోగాత్మకం’ అనే వర్గం కింద ధ్రువపత్రం ఇస్తాడు. ఇలా కట్టినవి ఇప్పుడు ఆ దేశంలో సుమారు 30 వేలు ఉన్నాయి. ఈ షరతును అందరూ ‘51 శాతం నిబంధన’ అంటారు గానీ, 51 అనే అంకె నిబంధన పాఠంలో లేదు, ‘అధిక భాగం’ అన్న మాట మాత్రమే ఉంది. రంధ్రాలు ముందే పడిన రేకులు, సగం బిగించిన రెక్కలు, డబ్బు తీసుకుని దగ్గరుండి కట్టించే వర్క్‌షాపులు వచ్చిన తరువాత ఆ మాటకు అర్థమేమిటన్నది పెద్ద వివాదమైంది. దాని మూలం తెలియాలంటే ఇంట్లో విమానం కట్టడం దాదాపు దేశమంతటా నిషిద్ధమైన రోజుల దాకా వెనక్కి వెళ్లాలి.

అంతకు ముందు ఎవరి అనుమతీ అడగవలసిన అవసరం లేదు. రైట్ సోదరులు 1903లో ఎగిరించిన యంత్రం ఒహాయో రాష్ట్రంలోని డేటన్‌లో వారి సైకిళ్ల దుకాణంలో పుట్టింది. పారిస్‌లో స్థిరపడిన బ్రెజిల్ దేశస్థుడు సాంటోస్-డ్యుమాంట్ తన చిన్న విమానం ‘డెమొజెల్’ నమూనాను ఎవరైనా కట్టుకోవచ్చని వదిలిపెట్టగా, దాని చిత్రపటాలను 1910లో పాపులర్ మెకానిక్స్ పత్రిక అచ్చు వేసింది. 1920ల చివరికి షికాగోలో ఎడ్ హీత్ ‘పారాసోల్’ అనే ఒంటి సీటు విమానాన్ని కిట్టుగా, అంటే కొన్నవారే బిగించుకునే విడిభాగాలుగా, అమ్మసాగాడు. అదే కాలంలో మిన్నెసోటాలోని చెర్రీ గ్రోవ్ అనే పల్లెలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ ఫోర్డ్ మోడల్ ఏ కారు ఇంజనును తెచ్చి చెక్కతో, గుడ్డతో కట్టిన రెండు సీట్ల విమానానికి బిగించి ఎగిరించాడు. పొలం పనిముట్లు బాగు చేసుకునే రైతుకు కూడా ఆ విమానం అందుబాటులో ఉండేది. దాని నమూనా ప్రకారం నేటికీ కట్టేవారున్నారు.

1926లో అమెరికా కాంగ్రెసు చేసిన వైమానిక వాణిజ్య చట్టంతో విమానాలకు, పైలట్లకు సమాఖ్య ప్రభుత్వ లైసెన్సులు వచ్చాయి. మొదట ఆ చట్టం ప్రధానంగా రాష్ట్రాల మధ్య తిరిగే విమానాలకే వర్తించినా, తమ సరిహద్దుల్లో ఎగిరే విమానానికి కూడా సమాఖ్య లైసెన్సు ఉండాలని రాష్ట్రాలు ఒకదాని వెంట ఒకటి చట్టాలు చేసుకున్నాయి. ఆ లైసెన్సుకు కావలసిన బలపరీక్షలు, లెక్కలు కంపెనీలకు సాధ్యమయ్యేవే తప్ప, సొంత దొడ్డిలో ఒకే ఒక విమానం కట్టుకునే మనిషికి సాధ్యమయ్యేవి కావు. ఇంట్లో విమానం కట్టరాదని ఎవరూ చట్టంలో రాయలేదు, కట్టినదాన్ని ఎగిరించే దారి మాత్రం మూసుకుపోయింది. 1930ల చివరికి దాన్ని అనుమతించిన రాష్ట్రం ఒరెగాన్ ఒక్కటే.

ఇంట్లో కట్టిన విమానం ప్రమాదకరమన్న భయానికి ఆధారం లేకపోలేదు, ఐరోపా అనుభవం అందుకు సాక్ష్యం. ఫ్రాన్స్‌లో ఆన్రి మిన్యే అనే ఔత్సాహికుడు ‘పూ దు సియెల్’, అంటే ‘ఆకాశపు పేను’, అనే చిన్న విమానాన్ని రూపొందించి, ప్యాకింగ్ పెట్టెకు మేకులు కొట్టగలిగినవారెవరైనా దీన్ని కట్టుకోగలరన్న ధోరణిలో 1934లో పుస్తకం వేశాడు. ఫ్రాన్స్, బ్రిటన్ దేశాల్లో వందల మంది మొదలుపెట్టారు. మామూలు విమానంలో తోక దగ్గరి పలక చేసే పనిని ఇందులో ముందు రెక్కే వంగుతూ లేస్తూ చేస్తుంది. ముక్కు బాగా కిందికి దిగినప్పుడు ముందు రెక్కకు, వెనుక రెక్కకు మధ్య సందులో గాలి ప్రవాహం మారిపోయి, పైలట్ కర్రను ఎంత వెనక్కి లాగినా విమానం తలెత్తేది కాదు. మరణాలు వరుసగా జరిగాక ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలోను, ఫ్రాన్స్‌లోను పూర్తి పరిమాణపు విమానాన్ని గాలి సొరంగంలో పెట్టి చూస్తే ఈ లోపం బయటపడింది. లోపం కట్టినవారి చేతి పనిలో లేదు, వారికి అందిన నమూనాలోనే ఉంది. ఈ తేడా తరువాతి చర్చల్లో చాలాసార్లు మరుగున పడిపోయిందని నా అభిప్రాయం.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఒరెగాన్ బృందం నుంచే కదలిక వచ్చింది. అక్కడ లెస్ లాంగ్ అనే రూపకర్త చుట్టూ చేరిన ఔత్సాహికుల్లో జార్జ్ బొగార్డస్ ఒకడు. ఇంట్లో కట్టిన విమానం నమ్మదగినదేనని వాదనతో కాక ప్రయాణంతో చూపాలని అతను అనుకున్నాడు. 1947లో ‘లిటిల్ జీ బీ’ అనే ఒంటి సీటు విమానంలో పశ్చిమ తీరంలోని ఒరెగాన్ నుంచి బయలుదేరి దేశమంతా దాటి వాషింగ్టన్ నగరానికి వెళ్లి, విమానయాన అధికారులను కలిసి, ఔత్సాహికుల కోసం ప్రత్యేక వర్గం ఏర్పాటు చేయమని కోరాడు. తరువాతి సంవత్సరాల్లో మళ్లీ మళ్లీ వెళ్లాడు. 1950ల మొదట్లోకి ఆ వర్గం నిబంధనల్లో స్థిరపడింది. ఆ చిన్న విమానం ఇప్పుడు స్మిత్సోనియన్ సంస్థ వారి ఉద్వార్-హేజీ కేంద్రమనే మ్యూజియంలో భద్రంగా ఉంది. ఈ చరిత్ర మొత్తంలో నన్ను ఎక్కువగా కదిలించేది ఈ ఘట్టమే. అడిగిన హక్కుకు అర్హత ఏమిటో, ఆ హక్కుతో కట్టబోయే వస్తువునే ఎదుట నిలిపి చూపిన సందర్భాలు అరుదు.

అప్పుడు కుదిరిన ఒప్పందం తీరును గమనించాలి. ప్రభుత్వం ఈ విమానాలు సురక్షితమని ధ్రువీకరించదు. అందుకే లోపల ‘ప్రయోగాత్మకం’ అన్న అక్షరాలు, ఎక్కేవారికి కనబడేలా హెచ్చరిక పలక ఉండాలి. జనంతో కిక్కిరిసిన చోట్లకు దూరంగా, నిర్ణయించిన ప్రాంతంలో మాత్రమే, సాధారణంగా ధ్రువపత్రం ఉన్న ఇంజను, ప్రొపెల్లర్ జతతో అయితే 25 గంటలు, లేకపోతే 40 గంటలు ప్రయాణికులు లేకుండా ఎగిరి పరీక్షించాలి. ఇంత వెసులుబాటుకు ప్రతిగా ప్రభుత్వం కోరినది ఒక్కటే: ఇది వ్యాపారం కాకూడదు, కట్టడం వల్ల కట్టినవారు నేర్చుకోవాలి. ‘అధిక భాగం’ అనే మాట పుట్టింది ఈ ఉద్దేశంతోనే.

1953 జనవరిలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని మిల్వాకీలో పాల్ పోబరెజ్నీ కొద్దిమంది మిత్రులతో ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్‌ను స్థాపించాడు. మొదట్లో దాని కార్యాలయం అతని ఇంటి నేలమాళిగే. ఆ సంఘం వార్షిక సమ్మేళనం 1970 నుంచి అదే రాష్ట్రంలోని ఓష్‌కోష్‌లో జరుగుతోంది. విమానం కట్టేవారికి అది మన తిరునాళ్ల వంటిది. ఒకరు కట్టినదాన్ని మరొకరు దగ్గరగా చూసి, వెల్డింగు అతుకుల మీద వేలు పెట్టి అడిగి తెలుసుకునే చోటు.

అక్కడికి 1975లో బర్ట్ రుటాన్ అనే రూపకర్త ‘వారీ-ఈజీ’ అనే విమానాన్ని తెచ్చాడు. ప్రొపెల్లర్ వెనుక, చిన్న రెక్క ముందు ఉండే ఆ విమానం ఆకారం కంటే దాన్ని కట్టే పద్ధతి ఎక్కువ మార్పు తెచ్చింది. గట్టి నురుగు దిమ్మలను వేడి తీగతో రెక్క ఆకారంలో కోసి, వాటి మీద గాజునార గుడ్డను ఎపాక్సీ అనే గట్టి జిగురుతో పొరలు పొరలుగా అంటిస్తే చాలు, అచ్చులూ అక్కరలేదు, పెద్ద యంత్రాలూ అక్కరలేదు. దాని తరువాత వచ్చిన ‘లాంగ్-ఈజీ’ మన దేశానికీ చేరింది. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ ఆ నమూనా ఆధారంగా కట్టిన తేలికపాటి పరిశోధక విమానం 1987లో ఎగిరింది. మిశ్రమ పదార్థాలతో విమానం కట్టడంలో ఆ సంస్థకు తొలి అనుభవాన్నిచ్చింది ఒక ఔత్సాహిక నమూనా అన్నది మన పాఠకులకు అంతగా తెలియని సంగతి. మన దగ్గర వ్యక్తులకు మాత్రం దారి అంత సులువుగా దొరకలేదు. ముంబయిలో తాను నివసించే భవనం పైకప్పు మీద ఆరు సీట్ల విమానం కట్టిన పైలట్ అమోల్ యాదవ్ దాని రిజిస్ట్రేషన్ కోసం ఏళ్ల తరబడి తిరిగితే 2017లో అది దక్కింది.

అమెరికాలో కిట్లకు గిరాకీ పెరగడానికి మరో కారణం కర్మాగారాలు వెనుకబడటం. 1978లో ఆ దేశంలో 17 వేలకు పైగా చిన్న విమానాలు తయారైతే 1994 నాటికి ఆ సంఖ్య వెయ్యికి దిగువకు పడిపోయింది. ప్రమాదాల తరువాత తయారీదారుల మీద పడే నష్టపరిహార దావాల భారాన్ని ముఖ్య కారణంగా చూపుతూ సెస్నా కంపెనీ 1986లో ఒంటి పిస్టన్ ఇంజను విమానాల తయారీని ఆపేసింది. కొత్త విమానం కావాలనుకున్న సామాన్య పైలట్‌కు మిగిలిన మార్గం తన గ్యారేజీయే.

ఆ మార్గాన్ని విశాలం చేసినవాడు మళ్లీ ఒరెగాన్ మనిషే. రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ 1973లో స్థాపించిన వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ కిట్లతో పూర్తయి ఎగిరిన విమానాలు 11 వేలు దాటాయి. కిట్టు విడతలుగా వస్తుంది. చాలామంది ముందు తోక భాగం తెప్పించుకుంటారు, ఈ పనికి తాము తగుదుమో కాదో రెక్కలకు డబ్బు పెట్టకముందే తేలిపోతుంది కాబట్టి. అల్యూమినియం రేకులను క్లీకోలనే స్ప్రింగు పిన్నులతో తాత్కాలికంగా కలిపి చూస్తారు, విప్పి ప్రతి రంధ్రం అంచు గరుకును తీస్తారు, రివెట్ తల రేకుతో సమంగా కూర్చునేలా రంధ్రం చుట్టూ గుంట నొక్కుతారు, మళ్లీ కలిపి రివెట్లు కొడతారు. ఒకరు బయట గన్ను పట్టుకుంటే మరొకరు లోపలి నుంచి ఇనుప దిమ్మను ఆనించాలి. అందుకే ఈ విమానాల్లో సగం శ్రమ ఇంటిల్లిపాదిదీ. ప్రతి అడుగునూ ఫొటో తీసి పుస్తకంలో రాసుకోవాలి, ‘నేనే కట్టాను’ అనడానికి ఆ పుస్తకమే సాక్ష్యం.

2000ల మొదట్లో కంప్యూటరు నడిపే యంత్రాలు రంధ్రాలన్నీ ఖచ్చితంగా ఒకదానికొకటి సరిపోయేలా కొట్టి పంపడం మొదలైంది. రెక్కలూ విమానపు మొండెమూ విదేశాల్లో సగం బిగించి పంపే ‘క్విక్ బిల్డ్’ కిట్లూ వచ్చాయి. వాషింగ్టన్ రాష్ట్రంలోని గ్లాసేర్ కంపెనీ కట్టేవారిని తన కర్మాగారానికే రప్పించి, రెండు వారాల్లో విమానం నేల మీద నడిచే దశకు తెచ్చే కార్యక్రమం పెట్టింది. ఇక్కడే ప్రశ్న పదునెక్కింది. యజమాని తరఫున పనంతా చేసి పెట్టి, కాగితం మీద మాత్రం యజమానినే కట్టినవాడిగా చూపే వృత్తి వర్క్‌షాపులు బయలుదేరాయి. 2008లో విమానయానాన్ని నియంత్రించే ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్, కొత్త కిట్లు ‘అధిక భాగం’ షరతుకు సరిపోతాయా అని చూసే మదింపును ఆపి, యజమాని తయారీలో కనీసం 20 శాతం, బిగింపులో కనీసం 20 శాతం చేయాలని ప్రతిపాదించింది. ఔత్సాహికులు తీవ్రంగా వ్యతిరేకించడంతో 2009లో ఆ విభజనను వదిలి, పనుల జాబితా ప్రకారం లెక్కించే పద్ధతికి వచ్చింది. గంటలు కాదు, బరువు కాదు, పనులే లెక్క. ఇంజను, ప్రొపెల్లర్, చక్రాలు, బ్రేకులు, పరికరాలు కొనుక్కున్నా యజమాని వాటా తగ్గదు. వృత్తి వర్క్‌షాపుల మోసాన్ని అరికట్టడం న్యాయమే, కానీ రంధ్రం ఎవరు చేశారన్న దాని మీద పెట్టిన శ్రద్ధలో సగమైనా ఆ రంధ్రం ఎలా ఉందన్న దాని మీద పెట్టవలసిందని నేననుకుంటాను. 2023లో వాన్స్ కిట్లలో లేజరుతో కోసిన రంధ్రాల దగ్గర, గుంట నొక్కినప్పుడు పగుళ్లు వస్తున్నాయని తేలింది. వాటిని మార్చి ఇచ్చే ఖర్చుతో పాటు ఇతర నష్టాలూ తోడై ఆ ఏడాది డిసెంబరులో కంపెనీ దివాలా రక్షణ కోరవలసి వచ్చింది. ధరలు పెంచి 2024లో దాని నుంచి బయటపడింది. ఈ మధ్యలో ఎన్నో గ్యారేజీల్లో పని ఆగిపోయి, సగం కట్టిన రెక్కలు స్టాండ్ల మీద ఎదురు చూశాయి.

ప్రమాదాల లెక్కలు మరో వైపు చూపిస్తున్నాయి. అమెరికా జాతీయ రవాణా భద్రతా బోర్డు 2012లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, దేశంలోని సాధారణ విమానయాన విమానాల్లో (అంటే విమాన సంస్థలవీ సైన్యానివీ కానివాటిలో) ఇంట్లో కట్టినవి సుమారు పదో వంతే అయినా, 2011లో ప్రాణనష్టం జరిగిన ప్రమాదాల్లో వాటి వాటా సుమారు 21 శాతం. ఇంజను శక్తి కోల్పోవడం, గాలిలో అదుపు తప్పడం ముఖ్య కారణాలు. మొదటి కొద్ది గంటల ప్రయాణాల్లో ముప్పు ఎక్కువ. అన్నిటికంటే ఆలోచింపజేసేది, ఆ ఏడాది బోర్డు పరిశీలించిన ప్రమాదాల్లో సగానికి పైగా విమానాలు కట్టినవారి చేతిలో ఉన్నవి కావు, ఇతరుల నుంచి కొనుక్కున్నవి. తొలి పరీక్షల్లో అనుభవజ్ఞుడైన రెండో పైలట్‌ను వెంట తీసుకువెళ్లడానికి 2014 నుంచి అనుమతిస్తున్నారు. ఇది మేలైన మార్పే, అయితే అది కొత్తగా కట్టిన విమానాలకే వర్తిస్తుంది.

కొనుక్కున్న విమానంలో దాగి ఉండే ముప్పుకు గాయకుడు జాన్ డెన్వర్ మరణం ఉదాహరణ. 1997 అక్టోబరు 12న అతను కాలిఫోర్నియాలోని మాంటెరే తీరాన తాను కొద్ది రోజుల క్రితమే కొన్న లాంగ్-ఈజీలో ఒంటరిగా ఎగిరి సముద్రంలో కూలిపోయాడు. ఇంధన ట్యాంకును మార్చే పిడి రుటాన్ నమూనాలో పైలట్ కాళ్ల మధ్య ఉంటుంది, ఈ విమానం కట్టినవారు దాన్ని ఎడమ భుజం వెనుక అమర్చారు. ఒక ట్యాంకులో ఇంధనం అయిపోతే కుడి చేతిని ఎడమ భుజం మీదుగా వెనక్కి చాచి, తల తిప్పి, ఒళ్లు మెలివేసి దాన్ని తిప్పాలి. ఆ ప్రయత్నంలో విమానం ముక్కును కుడికి తిప్పే రడ్డర్ పెడలు తొక్కుకుపోయి అదుపు తప్పిందని దర్యాప్తు తేల్చింది. నమూనా నుంచి ఇలా తప్పుకోవడాన్ని నిబంధనలు నిషేధించవు. కట్టినవారికి ఆ పిడి ఎక్కడుందో, ఎందుకక్కడుందో తెలుసు. ఏటేటా విమానాన్ని తనిఖీ చేసి సంతకం పెట్టే మరమ్మతు ధ్రువపత్రాన్ని కూడా చట్టం కట్టినవారికే, వారి పేరు మీదే ఇస్తుంది. విమానం అమ్ముడైనప్పుడు అది కొన్నవారికి బదిలీ కాదు, వారు ఆ సంతకం కోసం లైసెన్సున్న మెకానిక్ దగ్గరికి వెళ్లాలి.