మైక్రోగ్లియాకి ఆన్, ఆఫ్ అంటూ ఉండవు

తార్నాకలో మైక్రోగ్లియా (మెదడులో ఉండే రోగనిరోధక కణాలు) మీద పనిచేస్తానని తెలిసినప్పటి నుంచి మా చుట్టాలు వాట్సాప్‌లో సప్లిమెంట్ ప్రకటనలు పంపుతున్నారు. "మెదడులో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) తగ్గిస్తుందట, నిజమేనా?" అని. వాటిలో విలన్ ఎప్పుడూ మైక్రోగ్లియానే.

అపోహ: ఇవి రక్తంలోంచి మెదడులోకి చొరబడే కణాలు.

వాస్తవం: కాదు. పిండం తొలి రోజుల్లోనే పచ్చసొన సంచి నుంచి వలస వచ్చి, మెదడులోనే స్థిరపడి, అక్కడే విభజన చెందుతూ సంఖ్య నిలుపుకుంటాయి.

అపోహ: దెబ్బ తగిలేదాకా నిద్రపోతుంటాయి.

వాస్తవం: పాత పుస్తకాల్లో 'విశ్రాంతి దశ' అనే రాశారు. 2005లో బతికున్న ఎలుక మెదడును టూ-ఫోటాన్ మైక్రోస్కోప్‌తో చూశాక ఆ మాట చెల్లలేదు. కణం మధ్యభాగం దాదాపు కదలదు, దాని నుంచి చాచుకున్న కొమ్మలు మాత్రం క్షణం ఊరుకోవు. లేజర్‌తో చిన్న గాయం చేస్తే నిమిషాల్లో చుట్టుపక్కల కొమ్మలు అటు మళ్లుతాయి. దెబ్బతిన్న కణాల నుంచి కారే ఏటీపీ అనే రసాయనాన్ని, మైక్రోగ్లియా మీద సంకేతాలు అందుకునే పీ2వై12 అనే గ్రాహకం పసిగట్టడమే కారణం. తమాషా ఏమిటంటే, కణం బాగా ఉద్రిక్తమయ్యాక ఆ గ్రాహకాన్నే తగ్గించేసుకుని కొమ్మలు ముడుచుకుంటుంది.

మైక్రోగ్లియా కనిపించేలా రంగు పట్టించే ఐబా1 స్టెయినింగ్ చేసిన స్లైడ్‌లో ఇది కంటికే కనిపిస్తుంది. గాయానికి దూరంగా సాలీడు కాళ్లలా సన్నటి కొమ్మలు, అంచు దగ్గర పొట్టిగా లావుగా, మధ్యలో గుండ్రంగా. ఇన్ని రకాలున్న స్లైడ్‌ని స్టూడెంట్లు 'యాక్టివేటెడ్', 'కాదు' అని రెండే గళ్లలో నింపితే నాకు ఒళ్లు మండుతుంది.

అపోహ: వీటిని అణిచేస్తే అల్జీమర్స్ ఆగిపోతుంది.

వాస్తవం: అసలు చిక్కంతా ఇక్కడే. ట్రెమ్2 అనే గ్రాహకం సాయంతో మైక్రోగ్లియా, అల్జీమర్స్ మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీన్ ముద్దల చుట్టూ చేరతాయి. ఆ గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు పనిని తగ్గించే ఒక మార్పు ఉన్నవాళ్లకి అల్జీమర్స్ ముప్పు ఎక్కువని 2013లోనే తేలింది. మైక్రోగ్లియాని శాంతపరుస్తుందని ఎలుకల్లో ఆశపెట్టిన మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్, 2007లో వెలువడిన ఏఎల్‌ఎస్ (కండరాలను నడిపే నాడీకణాలు క్షీణించే జబ్బు) ట్రయల్‌లో రోగుల క్షీణతను ఇంకా వేగవంతం చేసింది. అలాగని వీటిని వెనకేసుకురావడం లేదు. అల్జీమర్స్ ఎలుకల్లో ఇవే అవసరమైన సినాప్సులను (నాడీకణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే చోట్లను) కూడా మింగేస్తాయి. ఎప్పుడు, ఎక్కడ, ఏ సంకేతానికి అన్నది చూడకుండా అణిచేయడం గుడ్డి వైద్యం.

అపోహ: మెదడులో ఇన్‌ఫ్లమేషన్ తగ్గడానికి పసుపు పాలు చాలు.

వాస్తవం: రుచికి తాగండి. పసుపులోని కర్క్యుమిన్ రక్తంలోకే సరిగ్గా చేరదు.

అపోహ: మెదడుకి బయట వచ్చే జబ్బుతో వీటికి పనిలేదు.

వాస్తవం: వానాకాలం జ్వరంలో ఆకలి చచ్చి, మనిషి మంచానికి అతుక్కుపోవడం వెనక శరీరంలో పుట్టిన సైటోకైన్ల (రోగనిరోధక కణాలు విడుదల చేసే ప్రోటీన్ల) సంకేతాలున్నాయి. అవి మెదడుదాకా చేరతాయి, మైక్రోగ్లియా స్పందిస్తాయి. అందుకే మతిమరుపున్న పెద్దవాళ్లు ఉన్నట్టుండి అయోమయంగా మాట్లాడితే "వయసు మీదపడింది" అని వదిలేయకండి. వెంటనే డాక్టర్‌కి చూపించండి. ఊపిరితిత్తుల్లోనో మూత్రంలోనో ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చు.